కాంగా మీద ఓపెన్ టోన్, స్లాప్ ఒకేలా మోగుతున్నాయి

ప్రశ్న: కాంగా (చేతులతో వాయించే పొడవాటి క్యూబా డ్రమ్ము) మీద ఓపెన్ టోన్ (నిండుగా మోగే దెబ్బ), స్లాప్ (చురుగ్గా పేలే దెబ్బ), ఈ రెండిటికీ తేడా తెలియడం లేదండి. ఎడమచేతిది మరీ పేలవంగా ఉంది. వేగం పెంచితే ముంజేయి బిగుసుకుపోతోంది. ఎక్కడ సరిచేసుకోవాలి?

జవాబు 1: ముందు ఓపెన్ టోన్ కుదరాలి. నాలుగు వేళ్లూ దగ్గరగా పెట్టండి. వేళ్ల మొదట్లో ఉండే అరచేతి భాగం డ్రమ్ము అంచు మీద పడాలి, బొటనవేలు ఎక్కడా తగలకూడదు. వేళ్లు చర్మాన్ని తాకి వెంటనే లేవాలి. కాస్త ఆగినా నాదం చచ్చిపోతుంది.

స్లాప్‌కి చెయ్యి దాదాపు అదే చోట. అరచేతిని కొంచెం గుంటగా ఉంచి, వేళ్లు వదిలేసి, కొసలతో కొట్టండి. బలం పెడితే వేళ్లు బిగిసి చదునుగా పడతాయి, మళ్లీ ఓపెన్ టోనే వస్తుంది. మీ సమస్య ఇదే అనుకుంటా.

జవాబు 2: చర్మం వదులుగా ఉన్నా స్లాప్ పేలదు. చర్మాన్ని బిగించే ఒక్కో బోల్టు దగ్గర వేలితో తట్టి వినండి. శ్రుతి తగ్గిన చోట పావు చుట్టు చొప్పున బిగించండి, ఒకేసారి ఎక్కువ వద్దు. అన్నట్టు, ఉంగరాలు తీసేయండి.

జవాబు 3: ఎడమచేతికి క్యూబా తుంబావోను (కాంగా మీద మళ్లీ మళ్లీ వాయించే మూల నడక) మించిన సాధన లేదు. మెట్రోనోమ్‌ను (లయ కొట్టే పరికరం) నిమిషానికి 60 బీట్ల దగ్గర పెట్టి, బీటుకు రెండు దెబ్బలు: ఎడమ మడమ, ఎడమ వేళ్లు, కుడి స్లాప్, ఎడమ వేళ్లు, ఎడమ మడమ, ఎడమ వేళ్లు, కుడి ఓపెన్, కుడి ఓపెన్. మడమంటే మణికట్టు దగ్గరి అరచేయి. 5 నిమిషాలు వదులుగా వాయించగలిగాకే వేగం 4 బీట్లు పెంచండి. ముంజేయి బిగిస్తే పాత వేగానికి రండి. తర్వాత చేతులు మార్చి అదే వాయించండి.