పాత అగ్లీ స్టిక్ రేడియో కంట్రోల్ మోడల్ విమానానికి ఇంజన్ మోసే కర్ర బీమ్సే ఉంచాలా, కోసేసి నైలాన్ మౌంట్ (ఇంజన్ బిగించే బ్రాకెట్) వేసేయొచ్చా?

బాల్సాపొడి: ఫిల్ క్రాఫ్ట్ 1960లలో గీసిన అగ్లీ స్టిక్, పాత ఫ్రేము ఒకటి చేతికొచ్చింది. ముక్కులో రెండు గట్టి కర్ర బీమ్స్ ఉన్నాయి, మధ్య సందు 60 సైజు (0.60 క్యూబిక్ అంగుళాల) ఇంజన్‌కి కోశారు, నా దగ్గరున్నది కొత్త 46 సైజుది, దాని లగ్స్ (పక్కలనుండే బిగింపు చెవులు) కర్ర మీద సరిగ్గా కూర్చోవట్లేదు. బీమ్స్ కోసేసి ఫైర్‌వాల్‌కి (ఇంజన్ వెనకుండే ప్లైవుడ్ గోడకి) నైలాన్ మౌంట్ బిగిద్దామనుకుంటున్నా, ఏమంటారు?

గ్లోప్లగ్: కోయకు సామీ! ఆ బీమ్స్ ముక్కులోనే ఆగిపోవు, ట్యాంక్ పక్కనుంచి వెనక ఫార్మర్ (బాడీ లోపలి అడ్డ పలక) దాకా పోయి వైబ్రేషన్ అంతా బాడీకి పంచుతాయి. కోసేస్తే మొత్తం ఫైర్‌వాల్ ఒక్కటే మొయ్యాలి, అది ఏళ్ల తరబడి ఇంధనంలోని ఆముదం తాగిన ప్లైవుడ్, దాని మీద ఎపాక్సీ జిగురు ఏం పట్టుద్ది చెప్పు.

రన్‌వేరంగడు: అయితే కొత్త ప్లైవుడ్ ఫైర్‌వాల్ వేసుకుంటాడు, దానికేం? ముక్కు నేలకి కొట్టిన రోజు నైలాన్ మౌంట్ విరిగి ఇంజన్ బతుకుద్ది, బీమ్స్ అయితే బాడీ పక్కలు చీల్చుకుని మరీ ఊడొస్తాయి. రైట్ థ్రస్ట్ (ఇంజన్ కాస్త కుడికి తిరిగుండే కోణం) మార్చాలన్నా మౌంట్ వెనక రెండు వాషర్లు చాలు, బీమ్స్‌లో కన్నాలు మళ్లీ వెయ్యాలి. క్రాఫ్ట్ 1967లో కోర్సికాలో రేడియో కంట్రోల్ విన్యాసాల్లో వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు నిజమే, అలాగని ఆయన గీసిన ప్రతి కర్రముక్కకీ దణ్ణం పెట్టాలా?

గ్లోప్లగ్: పడిపోతుందనే కడతావా ఏంటన్నా నువ్వు 😀 బీమ్స్ మీద రెండు అల్యూమినియం ప్లేట్లు వేసి ఇంజన్ వాటికి బిగిస్తే సరిపోద్ది కదా. రేపు పాత 60 దొరికితే ప్లేట్లు తీసేసి పెట్టుకుంటాడు. కోసిన బీమ్ మాత్రం తిరిగి రాదు.

తోకబరువు: గోలెందుకు, ఎలక్ట్రిక్ మోటార్ పెట్టెయ్.

రన్‌వేరంగడు: ఈ ఒక్క విషయంలో నేనూ గ్లోప్లగ్ ఒకటే, నువ్వు బయటికి నడువు.

బాల్సాపొడి: ప్లేట్లయితే 3 మిల్లీమీటర్లు చాలా? ట్యాంక్ కూడా ఎత్తాలా?

గ్లోప్లగ్: 3 చాలు. ట్యాంక్ మధ్యగీత ఇంజన్ నీడిల్‌కి (ఇంధనం సర్దే సూది వాల్వ్‌కి) సమానంగానో ఓ అర సెంటీమీటరు కిందకో ఉంటే కదపక్కర్లేదు. కర్రలోకి చెక్క స్క్రూలు మాత్రం దింపకు, అటునుంచి ఇటు దూరిపోయే బోల్టులేసి కింద లాక్‌నట్లు పెట్టు. కన్నాల్లోకి పల్చటి సీయే గ్లూ (సూపర్ గ్లూ లాంటిది) పోసి ఆరనిచ్చాక మళ్లీ డ్రిల్ చెయ్, అప్పుడు కర్ర నూనె తాగదు.

రన్‌వేరంగడు: సీజీ (విమానం బరువు తూగే చోటు) చూసుకో ముందు, 46 అంటే 60 కన్నా తేలిక, ముక్కులో సీసం పెట్టాల్సి రావచ్చు. నా ఓటు ఇప్పటికీ నైలాన్‌కే.