ఈ వారం సమస్య: తల్లికన్న ముందు పిల్ల పుట్టె

ఓరుగల్లు రూట్: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. తల్లి, పిల్ల ప్రాసయతి (రెండో అక్షరం 'ల్ల' కలవడం) కుదిరింది, కదపొద్దు. పురాణాలు వద్దు, సిస్టమ్‌డీ సర్వీసులే, అంటే లినక్స్ మెషీన్లో అది లేపి నడిపే ప్రోగ్రాములే రావాలి: తల్లి డేటాబేసు, పిల్ల దాని మీద ఆధారపడ్డ యాప్. మొన్న హన్మకొండలో మా ఆఫీసు సర్వర్ రీబూట్ అయినప్పుడు డేటాబేసు ఇంకా ఆవులిస్తుండగానే యాప్ లేచి, కనెక్షన్ దొరక్క పడి, మళ్లీ లేచి, మళ్లీ పడి చివరికి ఊరుకుంది, ఆ కడుపుమంట ఇది. (యూనిట్ అంటే సర్వీసు సెట్టింగుల ఫైలు; రిక్వయర్స్, ఆఫ్టర్ అందులో రాసే లైన్లు.)

రిక్వయర్సు రాసి రెండు యూనిట్లకు
ఆఫ్టరన్న మాట యాది మరువ
కన్ను తెరువకుండగానె డేటాబేసు
తల్లికన్న ముందు పిల్ల పుట్టె

పద్యాల పెద్దమనిషి: "యాది మరువ" బాగుంది తమ్మీ, ఆ-యా యతి కూడా చక్కగా పడింది. కానీ రెండు యూనిట్లకు రాసుడేంది? ఆధారపడింది పిల్ల, పిల్ల ఫైల్లో రాస్తే చాలు. "రీలోడు చేసినా" అని మార్చు, గణాలు చెడవు, డెమన్ రీలోడ్ (మార్చిన యూనిట్ ఫైళ్లను మళ్లీ చదివించుడు) కూడా వచ్చేస్తుంది. అసలు విషయం మాత్రం సరిగ్గా పట్టావు: రిక్వయర్స్ అంటే అది కావాలి అని మాత్రమే, ముందెవరు వెనకెవరు అన్నది ఆఫ్టర్ చెప్పాలి. లేకపోతే రెండూ ఒకేసారి లేస్తాయి.

చెరువుకట్ట: "వాంట్సు రాస్తె చాలు వెనుకే వస్తుందనుకున్న" అని మొదలుపెట్టాను అన్నా, ముందుకు పోతలేదు.

పద్యాల పెద్దమనిషి: ఎట్లా పోతుంది, కాజీపేటలో బండికి అదనపు పెట్టెలు తగిలించినట్టుంది. వా-వె యతి కుదరదు. "వాంట్సు రాస్తె చాలు వచ్చులే దానంత" అను. కానీ వాంట్స్ రిక్వయర్స్ కన్నా మెతక, తల్లి లేవకపోయినా పిల్లను లేపుతుంది, వరుస అదీ చెప్పదు.

కాజీపేట పోరడు: నాది వేరే చిక్కు, ఆఫ్టర్ రాసినా పుట్టింది!

ఆఫ్టరున్నగాని యాగలేదేందిరా
సింపులన్న టైపు చిక్కు తెచ్చె
పోర్టు తీయకుండ పురిటి మంచమ్ముపై
తల్లికన్న ముందు పిల్ల పుట్టె

ఓరుగల్లు రూట్: అబ్బ, సి-చి యతి! పురిటి మంచం కొంచెం ఎక్కువైంది గానీ మాట నిజం. టైప్ సింపుల్ అయితే ప్రాసెస్ పుట్టగానే సర్వీస్ లేచినట్టే లెక్క, పోర్టు (కనెక్షన్లు అందుకునే ద్వారం) తెరిచిందా లేదా చూడదు. టైప్ నోటిఫై అని పెట్టి, నేను రెడీ అని డేటాబేసే చెప్పేలా చేయాలి.

చెరువుకట్ట: రీస్టార్ట్ ఆల్వేస్ (పడ్డప్పుడల్లా మళ్లీ లేపు అని) పెడితే సరిపోదా?

ఓరుగల్లు రూట్: అదే పెట్టి మునిగాను. ఏమీ మార్చకపోతే 100 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ లేపుతుంది, 10 సెకన్లలో 5 సార్లు లేపాక ఇక వదిలేస్తుంది. రీస్టార్ట్‌సెక్, అంటే ఆ ఆగే సమయం, పెంచాను. ఈ రాత్రి టెస్ట్ సర్వర్‌ని రీబూట్ చేసి చూస్తా, యాప్ ఒక్కదాన్ని రీస్టార్ట్ చేస్తే తల్లి అప్పటికే మేల్కొని ఉంటుంది కదా, ఏం తెలియదు.