గెడ్డా, గడ్డా? పర్లాకిమిడి చుట్టూ నీటి మాటలు

పర్లాకిమిడి (ఒడిశా) నుంచి ప్రశ్న:
దసరా వెళ్లాక ఊరి చుట్టూ నడిచేవాళ్ల కోసం తెలుగులో ఒక దారిపటం తయారవుతోంది. సీతాసాగరం, రామసాగరం చెరువులు, మహేంద్రతనయ ఏరు, కొండల వైపు నుంచి వచ్చే చిన్న ప్రవాహాలు అన్నీ అందులో ఉంటాయి. ఈ చిన్నవాటిని ‘గెడ్డ’ అని రాస్తే, అచ్చుతప్పు అనుకొని ఒకరు అన్నిటినీ ‘గడ్డ’ చేసేశారు. ఇంకొకరు రెండూ యాసే, ‘వాగు’ అని రాసేయండి అంటున్నారు. ఏది ఉంచాలి?

పాతపట్నం నుంచి:
గెడ్డే ఉంచండి. గడ్డ అంటే మట్టిగడ్డ, ఉల్లిగడ్డ, మహా అయితే ఏటి నడుమ మేట వేసిన మెరక. గెడ్డ అంటే నీళ్లు పారే చోటు. ఒక్క ఎత్వం ఎగిరిపోతే నీరు కాస్తా నేలైపోతుంది. విశాఖ దగ్గరి మేఘాద్రి గెడ్డని ‘మేఘాద్రి గడ్డ’ అని అచ్చేసే పత్రికలు ఇప్పటికీ ఉన్నాయి. పాచిపెంట దగ్గర పెద్దగెడ్డ, జియ్యమ్మవలస దగ్గర వట్టిగెడ్డ ఉన్నాయి కదా, ఆ జలాశయాల పేర్లు చూపించండి, వాదం అక్కడికి సరి.

వాగు మంచి మాటే, కానీ ఇక్కడి నోట లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరి పటంలోనే ఊరి మాటని యాస అని కొట్టేస్తే ఎలా మాస్టారూ!

గెడ్డనీ ఏటినీ కూడా కలిపేయకండి. గెడ్డ కొండ వాలు నుంచి దిగుతుంది, అడుగున రాళ్లుంటాయి. ఎగువన గట్టి వాన పడితే గంటల్లో నిండుతుంది, వాన వెలిస్తే అంత తొందరగానూ తీస్తుంది. ఏటికి అడుగున ఇసక. పైన ధార సన్నబడ్డా ఇసక కింద నీరు నడుస్తూనే ఉంటుంది. మీకూ మాకూ నడుమ పారే మహేంద్రతనయ ఏరు, అది కలిసే వంశధార పెద్ద ఏరు. మనుషులు తవ్వి గట్లు వేసింది కాలువ. ఆశ్వయుజం దాటి నీళ్లు తీశాక నడిస్తే ఈ తేడాలు అడుగడుగునా కంటికే కనిపిస్తాయి. శ్రావణంలో అన్నీ ఒకే ఎర్రనీరు.

బరంపురం నుంచి:
చెరువుల దగ్గర కూడా జాగ్రత్త. గట్టు కింది పొలాలకి నీళ్లు వదిలే ద్వారాన్ని మనవైపు మదుము అంటారు, మిగతాచోట్ల తూము. చెరువు నిండాక మిగులు నీరు దాటిపోయే చోటు అలుగు. దాన్నే తెలంగాణలో మత్తడి అనీ, నెల్లూరు వైపు కలుజు అనీ అంటారు. చిన్న నీటిగుంట బంద. ఒడియావాళ్ల ‘బంధ’ కూడా దాదాపు ఇదే, ‘పోఖరి’ అంటే మన కోనేరు లాంటిది. చాలా బందలకి మదుము ఉండదు. నీళ్లు తోడిపోసుకోవడమో, గట్టు కొట్టి వదలడమో చేస్తారు. కాబట్టి బంద గట్టు మీద దారి గీసేముందు గండి పడిందో లేదో చూసుకోండి.

జయపురం నుంచి:
గెడ్డ అనే మాట మా కొండల్లోనూ ఉంది. పాడేరు వైపు మత్స్యగెడ్డ అన్నదే ఒడిశా సరిహద్దుకి వచ్చేసరికి మాచ్‌ఖండ్, ఇంకా దిగువకి సీలేరు. నీరొకటే, పేర్లు మూడు.

కొరాపుట్ వైపు నడిచేవాళ్లకి ‘ఝోలా’ అనే మాట కూడా తగులుతుంది. అది ప్రవాహం పేరు కాదు, గెడ్డ నడిచే పల్లాన్ని మడులుగా కట్టుకున్న వరి భూమి పేరు. గెడ్డకి అడ్డంగా కట్టలు వేస్తారు. వానకి దిగిన ఒండ్రు వాటి వెనక మేట వేస్తే చదును చేసి నాటుతారు. నీళ్లు పై మడిలోంచి కింది మడిలోకి జారుతూ పోతాయి. పై కట్ట తెగితే కింది మడులు వరసగా పోతాయి, అందుకని ఆ కట్టల మీద నడవకూడదు. పటంలో ఝోలాకి నీలం వేయకండి, పచ్చ వేయండి.

గుణుపురం నుంచి:
ఇంకొక్క మాట చేర్చండి: తేరడం. బురద దిగి నీరు తేటపడటాన్ని ‘ఏరు తేరింది’ అంటాం. జ్వరం నుంచి తేరుకున్నాడు అనేదీ ఆ మాటే. ఇండుప గింజని, అదే చిల్లగింజని, కుండ లోపలి గోడకి అరగదీసి బురదనీరు పోసి కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగి తేరుతుంది.

ఏటి ఇసకలో చెలమ తీసేవాళ్లు ధార అంచుకి రెండు మూడు అడుగులు ఇవతల, ముతక ఇసక ఉన్నచోట మూరెడు లోతు తవ్వాలి. మొదట ఊరేది మడ్డినీరు. రెండు మూడుసార్లు తోడి పారబోస్తే తేరుతుంది. ఒండ్రు కలిసిన చోటైతే అంచులు కూలుతూ ఎంతసేపటికీ తేరదు. చాకిరేవుకీ శ్మశానానికీ దిగువన అసలు వద్దు. తేటనీరు మంచినీరు కాదు. చెలమదైనా ఇండుప వేసిందైనా కాచే తాగాలి.

శరత్తులో ఏర్లు తేరతాయని కవులు చెప్పింది నిజమే కానీ, మనకి చిత్త, స్వాతి కార్తెలు తుఫాను రోజులు కూడా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటితే గజపతి జిల్లాలో కొండచరియలే విరిగిపడ్డాయి. ఊళ్లో ఎండ కాస్తున్నా గెడ్డలో ఉన్నట్టుండి రంగు మారి ఆకులూ పుల్లలూ నురగా కొట్టుకొస్తే ఎగువన వాన పడిందని అర్థం. దిగకండి. కాజ్‌వే మీంచి నీరు పొర్లుతుంటే పాదం మునిగేంతే కదా అని దాటవద్దు, కింద అంచు కోసుకుపోయినా పైకి కనిపించదు.

పర్లాకిమిడి నుంచి:
గెడ్డ, ఏరు, మదుము, బంద అన్నీ ఉంచుతున్నాం. మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుందని చదివాం, మరి వంశధారలో కలిసేది ఏది?

పాతపట్నం నుంచి:
రెండున్నాయండి. రెండూ మహేంద్రగిరి కొండల్లో పుట్టినవే, అందుకే ఒకే పేరు. మీ ఊరి పక్కది హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీకి ఎగువన వంశధారలో కలుస్తుంది. బారువ దగ్గర సముద్రంలోకి పోయేది రెండోది. పటం మూలన ‘వంశధారలో కలిసే మహేంద్రతనయ’ అని రాసేయండి.