ఇంగ్లీషులో ఒప్పుకోవడానికి "మీ టూ" చాలదా? "సో డూ ఐ" నేర్చుకుని తీరాలా?

ప్రశ్నపక్షి:
ఎదుటివాళ్ళు ఇంగ్లీషులో ఏదో అంటారు, నేనూ అదే అనుకుంటాను, కానీ నోట్లోంచి "యెస్, యెస్" తప్ప ఇంకోటి రాదు. నిన్న కాల్‌లో ఒకావిడ "ఐ డోంట్ లైక్ దీజ్ లాంగ్ మీటింగ్స్" అంది. నాక్కూడా ఇష్టం లేదని చెప్దామని "మీ టూ" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి "యూ లైక్ దెమ్?" అని అడిగింది. తల తీసేసినట్టయింది. తర్వాత ఫ్రెండ్‌ని అడిగితే "సో డూ ఐ, నైదర్ డూ ఐ బట్టీ పట్టు" అన్నాడు. నా పక్క సీటు అమ్మాయేమో అవి పుస్తకాల ఇంగ్లీషు, బయట ఎవరూ అలా మాట్లాడరు అంటోంది. ఎవరి మాట వినాలి?

వ్యాకరణప్రియ:
మీ ఫ్రెండ్ చెప్పిందే సరైనదండీ. ఎవరూ అలా మాట్లాడరు అనడం శుద్ధ తప్పు, "సో డూ ఐ" ఇళ్ళలో మామూలుగా వాడే మాట. ఎదుటివాళ్ళ వాక్యంలో సహాయక క్రియ ఏదుందో దాన్నే తిరిగి ఇవ్వాలి. "ఐ యామ్ టైర్డ్" అంటే "సో యామ్ ఐ". "ఐ హ్యావ్ ఫినిష్డ్" అంటే "సో హ్యావ్ ఐ". సహాయక క్రియ బయటికి కనిపించకపోతే డూ, డజ్, డిడ్‌లలో కాలానికి తగ్గది తెచ్చుకోవాలి, "ఐ వెంట్ హోమ్ అర్లీ" అంటే "సో డిడ్ ఐ". లేదు, కాదు ఉన్న వాక్యానికి "నైదర్". ఇంతే. వారం రోజులు పట్టుదలగా చేస్తే వచ్చేస్తుంది.

మాటకారి:
వారం కాదు, నాకు రెండేళ్ళు పట్టింది, అయినా మాటల మధ్యలో తడబడతాను. 2009లో 10 భాషల్లో మనుషులు ప్రశ్నకు ఎంతసేపట్లో జవాబిస్తారో కొలిచి చూశారు, సగటున వచ్చిన ఖాళీ సెకనులో అయిదో వంతు. ఆ కాస్త వ్యవధిలో డూనా, డిడ్డా, హ్యావా అని వెతుక్కుంటూ కూర్చుంటే మౌనమే జవాబైపోతుంది, ఆ మౌనాన్ని ఎదుటివాళ్ళు "వీడికి ఇష్టం లేదు" అని అర్థం చేసుకుంటారు. "మీ టూ" అయితే ఏ కాలానికైనా సరిపోతుంది. లేదు అన్న వాక్యానికి "మీ నైదర్". రెండే రెండు మాటలు. వ్యాకరణం ముందు వస్తే మాట ఆగిపోతుంది బ్రదర్, నా బాధంతా అదే.

వ్యాకరణప్రియ:
@మాటకారి, వెతుక్కోవడం దేనికి? చాలాసార్లు ఆ క్రియ ఎదుటివాళ్ళే మీ చేతికి ఇస్తారు, విన్నది తిరిగి అనడమే. పైగా "మీ నైదర్" స్నేహితుల మధ్య బాగానే ఉంటుంది గానీ ఇంటర్వ్యూలో కాస్త చనువుగా వినిపిస్తుంది. ఇంకో సంగతి, మాటల వరుస మారితే అర్థమే మారిపోతుంది. "సో యామ్ ఐ" అంటే నేనూ అంతే అని. "సో ఐ యామ్" అంటే మాత్రం "అరె, నిజమే, నేను గమనించలేదు" అని. "నీ చొక్కా గుండీ ఊడింది" అని ఎవరైనా చూపిస్తే "సో ఇట్ హ్యాజ్" అంటారు. తేడా తెలియకపోతే చెప్పాలనుకున్నదొకటి, వాళ్ళకు చేరేది ఇంకొకటి.

చెవి_ఒగ్గి:
మీరిద్దరూ ఒకే చెట్టు చుట్టూ తిరుగుతున్నారు. "మీ టూ" అయినా "సో డూ ఐ" అయినా ఎదుటివాళ్ళు తమ గురించి చెప్పుకున్నప్పుడే పనికొస్తాయి. రోజువారీ మాటల్లో చాలా భాగం అలా ఉండదు. "దట్ మూవీ వాజ్ టూ లాంగ్" అన్నారనుకోండి, "మీ టూ" అంటే నేను కూడా చాలా పొడుగు అన్నట్టుంది! అక్కడ కావలసింది "ఇట్ వాజ్, వాజింట్ ఇట్?" లేదా "ఇట్ రియల్లీ వాజ్". మనం తెలుగులో "అవును కదా" అంటాం చూడండి, ఆ "కదా" ఇంగ్లీషులో వాక్యాన్ని బట్టి రూపం మారుస్తుంది, అందుకే మనకు కష్టం.

దీని మీద అనీటా పోమరాంట్జ్ అనే పరిశోధకురాలు 1984లో రాసిన వ్యాసం నా కళ్ళు తెరిపించింది. మనుషులు నిజంగా ఒప్పుకునేటప్పుడు ఎదుటివాళ్ళు అన్నదానికంటే ఒక మెట్టు పైకి వెళ్తారట. "ఇట్స్ గుడ్" అంటే "ఇట్స్ గ్రేట్". అదే మెట్టు మీద ఉండిపోయినా, ఒక మెట్టు దిగినా, వెనకాల "కానీ" రాబోతోందని వినేవాళ్ళు అనుకుంటారు. ఎవరో ఉత్సాహంగా "షీ ఈజ్ బ్రిలియంట్!" అంటే మనం మర్యాదగా, మెల్లగా "యెస్, షీ ఈజ్ గుడ్" అంటాం. మన మనసులో అది పూర్తి ఒప్పుకోలు. వాళ్ళ చెవికి మాత్రం సగం కాదనడం. ఇందులో ఒక్క వ్యాకరణ తప్పు కూడా లేదు, గమనించండి. నేను ఏళ్ళ తరబడి ఇలాగే మాట్లాడాను, నాకు ఏదీ పెద్దగా నచ్చదని జనం ఎందుకు అనుకునేవారో ఆ వ్యాసం చదివాకే అర్థమైంది.

కొత్తగా_చేరాను:
ఒక చిన్న అనుభవం. "దిస్ సాఫ్ట్‌వేర్ ఈజ్ సో స్లో" అంటే అవతలాయన "టెల్ మీ అబౌట్ ఇట్" అన్నాడు. నేను నిజంగానే ఏ స్క్రీన్ దగ్గర ఆగుతోందో, ఎన్ని నిమిషాలు పడుతోందో అయిదు నిమిషాలు వివరించాను, ఆయన పాపం ఓపిగ్గా విన్నాడు. అది "నాకు తెలియదా, నేనూ పడుతున్నా" అనే ఒప్పుకోలు అని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. "యూ కెన్ సే దట్ అగైన్" కూడా అంతే, మళ్ళీ చెప్పమని కాదు. ఇలాంటివి వాడకపోయినా ఫర్వాలేదు, వింటే గుర్తుపట్టడం మాత్రం నేర్చుకోండి.

వ్యాకరణప్రియ:
చెవి_ఒగ్గి గారూ, మెట్టు సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. అన్నట్టు ఈ "ఒప్పుకుంటున్నాను" దగ్గరే మనవాళ్ళు దెబ్బతింటారు. తెలుగులో "ఉన్నాను" వినిపిస్తుంది కాబట్టి "ఐ యామ్ అగ్రీయింగ్", ఇంకా ఘోరంగా "ఐ యామ్ అగ్రీ" వచ్చేస్తాయి. "ఐ అగ్రీ" అంటే చాలు. అది కూడా చర్చల్లో, మీటింగుల్లో. టీ తాగుతూ ఎండ గురించి మాట్లాడుకునేటప్పుడు "ఐ అగ్రీ" అంటే తీర్మానానికి ఓటేసినట్టుంటుంది.

మాటకారి:
అది మాత్రం నిజం. "ఆఫ్ కోర్స్" కూడా చూసి వాడాలి. సాయం అడిగితే "ఆఫ్ కోర్స్" అనడం చక్కగా ఉంటుంది. "ఈజ్ ఇట్ ఓపెన్ టుడే?" అన్నదానికి "ఆఫ్ కోర్స్" అంటే "ఆ మాత్రం తెలియదా" అన్నట్టు తగులుతుంది.

తిరగలి:
అసలు చిక్కు ఎవరూ ఎత్తలేదు. "యూ హ్యావింట్ ఈటెన్?" అంటే తినని మనిషి తెలుగులో "అవును, తినలేదు" అంటాడు, ఇంగ్లీషులో "నో, ఐ హ్యావింట్" అనాలి. మనం అడిగినవాళ్ళ మాటతో ఏకీభవిస్తాం, ఇంగ్లీషు జరిగినదానితో ఏకీభవిస్తుంది. ఇది మన తెలివితక్కువతనం కానే కాదు. ఇంగ్లీషులోనే ఒకప్పుడు నాలుగు మాటలుండేవి, మామూలు ప్రశ్నకు "యే", "నే", కాదు-లేదు కలిసిన ప్రశ్నకు "యెస్", "నో". 1530లలో థామస్ మోర్ అనే ఇంగ్లీషు పండితుడు, బైబిలును ఇంగ్లీషులోకి తెచ్చిన విలియం టిండేల్‌ను ఈ తేడా పాటించలేదని తప్పుపట్టాడు. అలాంటి తేడాకు ఫ్రెంచిలో "సీ", జర్మన్‌లో "డోఖ్" ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఇంగ్లీషు ఆ ఏర్పాటు వదిలేసుకుంది, కష్టం మనకొచ్చింది. అందుకే యెస్, నో దగ్గర ఆగిపోకండి, వెనకాల "ఐ హ్యావింట్" అనో "ఐ డూ" అనో తగిలించండి, ముందుమాట తప్పినా అర్థం దక్కుతుంది.

మాటకారి:
@తిరగలి, అంటే చివరికి ఆ సహాయక క్రియ తప్పదన్నమాట. సరే, నా "మీ టూ"ని వదలను గానీ, ఈ చోట మాత్రం అది పనిచేయదని ఒప్పుకోవాల్సిందే.

ప్రశ్నపక్షి:
అందరికీ థాంక్స్. ఇవాళ కాల్ అయ్యాక అదే ఆవిడ "వెల్, దట్ వాజ్ అ లాంగ్ వన్" అంది. నేను "ఇట్ రియల్లీ వాజ్" అన్నాను, చివరి మాట కాస్త నొక్కి. ఆవిడ వెంటనే ఎజెండా ఎవరు తయారుచేస్తారో, ఎందుకు సాగుతుందో చెప్పడం మొదలుపెట్టింది, ఇన్నాళ్ళలో మేం పనికి సంబంధం లేకుండా అంతసేపు మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి. ఒక్క సందేహం మిగిలింది, అది "నైదర్" అనాలా, "నీదర్" అనాలా?

వ్యాకరణప్రియ:
రెండూ సరైనవే. బ్రిటన్‌లో "నైదర్" ఎక్కువ, అమెరికాలో "నీదర్" ఎక్కువ. మీ నోటికి ఏది తిరిగితే అది.