వ్యాసం మధ్యలో ఆగిపోతే లేవాలా, కూర్చోవాలా?

కందుకూరు కుర్రాడు:
సివిల్స్ మెయిన్స్ కోసం వ్యాసాలు ప్రాక్టీస్ చేస్తున్నాను. మూడు గంటల్లో రెండు రాయాలి, ఒక్కోటి 125 మార్కులు. మొదటి పేజీ బాగానే సాగుతుంది. రెండో పేజీకి బుర్ర మొద్దుబారిపోతుంది. చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. ఇరవై నిమిషాలకి తేరుకుని చూస్తే వాక్యం సగంలోనే ఉంటుంది. కాసేపు లేచి తిరగాలా, పట్టుబట్టి కూర్చోవాలా?

ఒంగోలు వాసి:
లేవాల్సిందే. ఊట లేని బావిలో చేద ఎన్నిసార్లు వేస్తే మాత్రం ఏం వస్తుంది? ఫోన్ కింద వదిలేసి మిద్దె మీద పది నిమిషాలు నడువు. నాకు అక్కడే మాట తడుతుంది.

మూలాపేట, నెల్లూరు:
అన్నా, ఇంట్లో సరే. పరీక్ష హాల్లో మిద్దె ఎక్కడుంది? నేను కూర్చోమనే అంటాను. కానీ ఊరికే కాదు.

మా ఊళ్లో తిక్కన గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఆయన ఆగకుండా భారతం చెబుతుంటే కుమ్మరి గురునాథుడు రాస్తున్నాడట. ఒక పద్యం చివర మాట తట్టక "ఏమి చెప్పుదుం గురునాథా" అన్నాడట. గురునాథుడు దాన్నీ రాసేశాడు. తీరా చూస్తే పద్యంలో అతికినట్టు సరిపోయింది. అది సంజయుడు ధృతరాష్ట్రుడితో అనే మాట. "చెప్పుదున్ కురునాథా" అన్నది సంధిలో "చెప్పుదుం గురునాథా" అవుతుంది.

నేను చేసేదీ అదే. ఆగిన చోట నన్ను ఆపుతున్నదేమిటో రఫ్ కాగితం మీద మామూలు మాటల్లో రాస్తాను. నీటి కొరత వ్యాసంలో ఇలాగే ఇరుక్కుని, "సోమశిల ఉంది, కండలేరు ఉంది, మరి ఉదయగిరి వైపు నీళ్లకి ఈ కటకట ఎందుకు?" అని రాసుకున్నాను. తర్వాతి పేరా ఆ ప్రశ్నతోనే మొదలైంది. హాల్లో అయితే పెదవులు కదుపుతూ అనుకుంటాను.

ఒంగోలు వాసి:
విషయం తెలిసి ఆగిపోతే ఇది పనిచేస్తుంది, ఒప్పుకుంటాను. నాలుగు గంటలు చదివి అలసిపోయినవాడికి మాత్రం నడకే మందు.

కందుకూరు కుర్రాడు:
రాత్రి రాసి చూశాను. ఆడపిల్లల చదువు మీద వ్యాసం. ఆగిన చోట రఫ్‌లో ఇలా వచ్చింది: "పదో తరగతి తర్వాత అక్కని ఎందుకు మానిపించారో నాన్నని నేను ఇంతవరకూ అడగలేదు." దీన్ని వ్యాసంలో పెట్టొచ్చా అన్నా?

మూలాపేట, నెల్లూరు:
పెట్టు. దాంతోనే మొదలుపెట్టు.