అప్‌డేట్: జర్మనీలో రైలా, అద్దె కారా? చివరికి రెండూ

అమ్మానాన్నలతో మ్యూనిక్, బ్లాక్ ఫారెస్ట్ చూడ్డానికి రైలు, అద్దె కారుల్లో ఏది మేలని ఇంతకుముందు అడిగాను కదా, వెళ్లొచ్చాం.

నాయ్‌ష్వాన్‌స్టయిన్ కోటకి బయర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రంలో లోకల్ రైళ్లకి పనికొచ్చే ఒక రోజు టికెట్) మీద ఫుసెన్ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. ఐదుగురి వరకు ఒకే టికెట్. కానీ సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 9 దాటాకే చెల్లుతుంది, ఐసీఈ అనే హైస్పీడ్ రైలు ఎక్కకూడదు. నాన్న కిటికీ పక్కన పులిహోర తింటూ ఆల్ప్స్ చూశారు.

బ్లాక్ ఫారెస్ట్ పక్కనున్న ఫ్రైబుర్గ్‌లో రెండు రోజులకి కారు తీసుకున్నాం. ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పండి. కుడివైపు నడపడం గంటలో అలవాటైంది. టెన్షన్ పెట్టింది నీలం రంగు పార్కింగ్ డిస్కే (కారు ఎప్పుడు ఆపామో చూపించే గడియారం లాంటి అట్ట)! మనం వచ్చిన టైమ్ కాదు, ఆ తర్వాత వచ్చే అరగంటకి ముల్లు తిప్పి అద్దం దగ్గర పెట్టాలి. పక్క కారాయన చూపించాడు కాబట్టి ఫైన్ తప్పింది.

అమ్మ ఓటు మాత్రం కారుకే, ఎక్కడంటే అక్కడ ఆగొచ్చని.