పిల్లల గదికి రంగు ఎంచుకోవాల్సింది పిల్లలా, పెద్దలా?

ఇద్దరి అమ్మ

మా పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి నాలుగున్నర. ఇన్నాళ్లూ మా దగ్గరే పడుకున్నారు. ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఒక గది సర్దుతున్నాం. నాలుగు గోడలకీ ముదురు ఊదా రంగే వేయాలని పాప పట్టు. బాబుకి కారు ఆకారం మంచం కావాలి. మావారేమో "చిన్నపిల్లలకి రంగుల సంగతి ఏం తెలుస్తుంది? లేత క్రీమ్ వేయిద్దాం, పదేళ్లు మళ్లీ చూడక్కర్లేదు" అంటున్నారు. చేతిలో ఉన్న డబ్బు తక్కువే. రంగుకి ఎక్కువ పెడితే మంచాలు, టేబుల్ దగ్గర తగ్గించుకోవాలి. గది వాళ్లది కాబట్టి రంగు వాళ్ల ఇష్టానికే వదలాలని నేను. వారం నుంచి ఇంట్లో ఇదే టెన్షన్. మీ ఇళ్లలో ఎవరి మాట నెగ్గింది?

లెక్కల నాన్న

నేను మీవారి పక్షం. మావాడు ఆరేళ్లప్పుడు అడిగాడని గది మొత్తం ఎర్రగా వేయించాం. మొదటి నెల మురిసిపోయాడు. ఎనిమిది నిండేసరికి "ఇది చిన్నపిల్లల గదిలా ఉంది" అన్నాడు. మళ్లీ తెలుపులోకి తేవడానికి ఒక కోటు ప్రైమర్, మూడు కోట్ల రంగు పట్టింది. ఆ డబ్బుతో చదువుకోవడానికి మంచి కుర్చీ వచ్చేది.

ఇంకో సంగతి. ముదురు రంగు వెలుతురు మింగేస్తుంది. రంగు ఎంత వెలుతురు వెనక్కి తిప్పుతుందో చెప్పే అంకె చాలా కంపెనీల షేడ్ కార్డుల మీద ఉంటుంది, ఎల్‌ఆర్‌వీ అంటారు. సున్నా అంటే నలుపు, 100 అంటే తెలుపు. లేత క్రీమ్‌లు చాలావరకు 70 పైన ఉంటాయి, ముదురు ఊదా 10 దగ్గర్లో ఉంటుంది. పట్టపగలే లైటు వేసుకుని చదువుకోవాలి.

గోడల మేస్త్రి

అమ్మా, ఇరవై ఏళ్ల పైనే రంగులు వేస్తున్నాను. "క్రీమ్ వేస్తే పదేళ్లు చూడక్కర్లేదు" అన్న మాట మాత్రం ఒప్పుకోను. పిల్లలున్న ఇంట్లో నడుము ఎత్తు వరకు గోడకి చేతి మరకలు, పెన్సిల్ గీతలు, కుర్చీ వీపు ఒరిపిడి తప్పవు. లేత రంగు మీద అవే ముందు కనబడతాయి. గోడ ఎన్నాళ్లు బాగుంటుందో తేల్చేది రంగు కాదు, ఫినిష్. పూర్తి మ్యాట్ అయితే గోడ లోపాలు దాస్తుంది గానీ తడిబట్టతో రుద్దితే మచ్చ పడుతుంది. కొంచెం మెరుపున్న, కడగడానికి వీలైన ఎమల్షన్ తీసుకోండి. సీలింగుకి మామూలు మ్యాట్ చాలు, అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరు.

లెక్కల నాన్న గారు ఎర్ర గోడ గురించి చెప్పింది నిజమే, నాకూ చాలా ఇళ్లలో ఎదురైంది. నిండు ఎరుపు, నిండు పసుపు వేసేటప్పుడే కష్టం. కింద ఉన్నది కనిపించకుండా కప్పే గుణం వాటికి తక్కువ, ఒక్కోసారి నాలుగు కోట్లు తాగుతాయి. ముదురు ఊదాలో నీలం, నలుపు ఎక్కువ ఉంటే బాగానే కప్పుతుంది. తీసేయడమే ఖర్చు. అందుకని మీ పాప ఊదాని ఒక్క గోడకి పెట్టమంటాను. అదీ కిటికీకి ఎదురుగా ఉన్న గోడకి, వెలుతురు తిన్నగా పడేచోట.

షేడ్ కార్డు మీది చిన్న ముక్క చూసి మాత్రం రంగు ఖాయం చేయకండి. చిన్న డబ్బా కొని పెద్ద అట్టముక్క మీద రెండు కోట్లు వేయండి. చుట్టూ తెల్లంచు వదిలేయండి, లేకపోతే పాత గోడ రంగు పక్కన పడి కన్ను మోసపోతుంది. ఆ అట్టని ఉదయం, మధ్యాహ్నం, రాత్రి లైటు కింద, తలో గోడకీ ఆనించి చూడండి. 2700 కెల్విన్ పసుపు లైటు కింద ఊదా మట్టి రంగులోకి దిగుతుంది. 6500 తెల్ల లైటు కింద అదే ఊదా నీలంగా కనిపిస్తుంది. లైటు ఏదో తేల్చుకోకుండా రంగు కొనడం నాకు నచ్చని పని.

ఇల్లు పాతదైతే ఒక మాట వినండి. పాత రంగు పొరల్లో సీసం ఉండవచ్చు. దాన్ని పొడిగా గీకి దుమ్ము లేపకండి. తడిపి తీయించండి, పని జరిగినన్ని రోజులు పిల్లల్ని ఆ గది వైపు రానివ్వకండి. సీసం ఇంత వరకు ఫర్వాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొత్త డబ్బా మీద సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) లోపు అని ఉందో లేదో చూసి కొనండి.

వెన్నెల

ఎరుపు కోపం పెంచుతుందని, గులాబీ శాంతపరుస్తుందని, ఊదా దిగులు తెస్తుందని చదివాను. అది కూడా చూసుకోవాలి కదా?

బడి టీచర్

వెన్నెల గారూ, ఆ గులాబీ కథ ఎక్కడిదో చెబుతాను. 1979లో అమెరికాలోని సియాటిల్‌లో నౌకాదళం నడిపే జైల్లో ఒక గదికి గులాబీ వేసి, ఖైదీల దూకుడు తగ్గిందన్నారు. అక్కడి అధికారులిద్దరి పేర్లు కలిపి ఆ రంగుని బేకర్-మిల్లర్ గులాబీ అన్నారు. తర్వాత జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. అలాంటి మాటలు నమ్మి ఒక పిల్ల ఇష్టాన్ని కాదనడం నాకు బాధగా ఉంటుంది. ఈ రంగు నాది అని అనుకున్న పిల్ల గదిని శుభ్రంగా ఉంచుకోవడం నా కళ్లతో చూశాను.

ఉలి సుత్తి

రంగు మాట మీరు తేల్చుకోండి, మంచం మాట నేను చెబుతాను. కారు మంచం కొనే ముందు పరుపు కొలత అడగండి. మామూలు సింగిల్ పరుపు పట్టకపోతే రెండు మూడేళ్లలో బాబు కాళ్లు బయటికొస్తాయి, మంచంతో పాటు పరుపూ మూలపడుతుంది. చవక సామాను చాలావరకు పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. ఒకసారి విప్పి మళ్లీ బిగిస్తే స్క్రూ పట్టు ఇవ్వదు. తప్పక అదే కొనాల్సి వస్తే అంచులన్నీ పట్టీతో మూసి ఉన్నాయా, ఈ-1 గుర్తు (ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువు తక్కువగా వదిలే బోర్డుకి వేసేది) ఉందా చూడండి. మూయని అంచుల్లోంచే ఫార్మాల్డిహైడ్ ఎక్కువగా బయటికొస్తుంది. దాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టారు. ముక్కుకి ఘాటు తగిలితే కొన్నాళ్లు కిటికీలు తీసిపెట్టి, ఆ తర్వాతే పిల్లల్ని పడుకోబెట్టండి.

నా సలహా సెకండ్ హ్యాండ్ గట్టి చెక్క మంచం. ఊగితే కీళ్లు బిగించవచ్చు, గీతలు పడితే ఉప్పుకాగితం పట్టి మళ్లీ రంగు వేయవచ్చు.

చుక్కల నాన్న

సుత్తి అన్నా, మీ లెక్క సరే గానీ ఒకటి వినండి. మావాడు నాలుగేళ్లు వచ్చినా ఒంటరిగా పడుకునేవాడు కాదు. రాకెట్ మంచం వచ్చిన రాత్రే తనంతట తను వెళ్లి పడుకున్నాడు. ఆ మంచం మూడేళ్లే పనికొచ్చింది, అయినా డబ్బు వృథా అయిందని నేను అనను. 1907లో మరియా మాంటిస్సోరి రోమ్‌లో మొదటి బడి తెరిచాక కుర్చీలు, బల్లలు పిల్లల కొలతకే చేయించారు, తమ పనులు తామే చేసుకోగలగాలని. అన్నీ పెద్దవాళ్ల కొలతకి కొని "ఎదిగాక సరిపోతుందిలే" అంటే ఎదిగేదాకా వాడి సంగతేంటి?

ఉలి సుత్తి

తమ్ముడూ, మీరన్నది కాదనను. మామూలు మంచమే తక్కువ ఎత్తుది తీసుకుని, పక్కలకి కారు ఆకారంలో కోసిన ప్లైవుడ్ పలకలు బిగించమంటాను. వాడికి మోజు తీరాక నాలుగు స్క్రూలు విప్పితే మళ్లీ మామూలు మంచం. ఇద్దరికీ చోటు చాలదని బంక్ బెడ్ ఆలోచన వస్తే మాత్రం ఆరేళ్లలోపు పిల్లల్ని పై మంచం మీద పడుకోబెట్టకూడదు. సొరుగుల బీరువా ఏది కొన్నా గోడకి బిగించి తీరాలి. పిల్లలు సొరుగులు లాగి మెట్లలా ఎక్కుతారు. బీరువాలు మీదపడి పిల్లలు చనిపోయాకే 2016లో ఐకియా అమెరికాలో 2.9 కోట్ల బీరువాల్ని రీకాల్ చేసింది. ఎల్ క్లాంపులు రెండు చాలు. ఇక్కడ ఖర్చు ఆలోచించకండి.

రెండో సంతానం

ఇంతమంది మాట్లాడారు, నాలుగున్నరేళ్ల బాబుకి ఏ రంగు ఇష్టమో ఒక్కరూ అడగలేదు. నేను అక్కతో గది పంచుకుని పెరిగాను. మా అమ్మానాన్నలు మంచివాళ్లు, "పిల్లలే ఎంచుకోవాలి" అన్నారు. ఎంచుకున్నది అక్క. నాకు మాటలు సరిగా రావని నన్నెవరూ అడగలేదు. పదకొండేళ్లు ఆ గదిలో ఉన్నాను, అది అక్క గదే. అక్క పెళ్లయి వెళ్లాక కూడా ఆ గోడకి నా బొమ్మ ఒకటి అంటించాలంటే చెయ్యి రాలేదు. ఇద్దరమ్మ గారూ, మీరు "వాళ్ల ఇష్టం" అంటున్నారు గానీ మీ మాటల్లో ఉన్నది పాప ఇష్టమే. బాబుకి మంచం ఇస్తున్నాం కదా అనుకోవచ్చు. గోడలు నాలుగున్నాయి, అతనికీ ఒకటి ఇవ్వండి.

లెక్కల నాన్న

ఇది నాకు తట్టలేదు. అయినా ఒక గదిలో రెండు నిండు రంగులంటే నా కళ్లు ఒప్పుకోవు. చిన్నవాడిది లేతగా ఉండాలి, లేదా గోడ బదులు వాడి బీరువాకి వేయండి.

ఇద్దరి అమ్మ

రెండో సంతానం గారి మాట మావారికి చదివి వినిపించాను. ఆయనా ఇంట్లో చిన్నవారే. కాసేపు మాట్లాడలేదు. తర్వాత వెళ్లి బాబుని పక్కన కూర్చోబెట్టుకుని షేడ్ కార్డు ఇచ్చారు. బాబు చిలకపచ్చ చూపించాడు. పాప మొదట "ఊదా పక్కన అదేం బాగుంటుంది" అని ఏడ్చింది. ఇప్పుడు అట్టముక్కలు రెండూ తనే పట్టుకుని గోడలన్నిటికీ ఆనించి చూస్తోంది. మంచం మామూలుదే, పలకలు చేయిస్తాం. మిగతా రెండు గోడలు మావారి క్రీమ్.

మేస్త్రి గారూ, ఊదా, పచ్చ గోడలు మూలలో కలిసేచోట గీత తిన్నగా రావాలంటే ముందు ఏ రంగు వేయాలి?